ఒకే విశ్వాస ప్రమాణం, ఒకే బల్ల
మధుర, కోయంబత్తూరు తెలుగు క్రైస్తవుల చరిత్ర నుండి కొన్ని పుటలు

రాజుల దండు వెంట నడచి కొందరు, నల్లరేగడి భూములను వెదకుకొంటూ కొందరు, మగ్గాన్ని భుజాన వేసుకొని మరికొందరు తెలుగునాడు విడిచి దక్షిణాదికి తరలివచ్చి అనేక తరాలు గడచినవి. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మధురలో నాయక రాజ్యానికి పునాది వేసిన తరువాత ఈ వలసలు మరింత బలపడినవి. కమ్మవారు, బలిజలు, రెడ్లు, రాజులు, దేవాంగులు, అరుంధతీయులు మొదలైన అనేక వర్గాలవారు మధుర, కోయంబత్తూరు సీమలలో ఊళ్లు కట్టుకొని స్థిరపడినారు. నేటికీ ఆ ఊళ్లలో ముంగిట తమిళమూ, వంటింట తెలుగూ వినిపిస్తూనే ఉంటవి.

వలస వచ్చినవాడు మూటగట్టి తెచ్చుకొనే ఆస్తులు మూడు: మాట, ఆచారం, దైవం. వీటిలో మాటను గురించి ఈ ప్లాటినం జూబిలీ సంచికలో పెద్దలు పలువురు వ్రాయుట సహజం. తెలుగు మాధ్యమంలో చదువు చెప్పే బడికి అది ప్రాణప్రదమైన విషయం. నేను మూడవ ఆస్తిని గురించి, అందునా సంఖ్యలో చిన్నదైన ఒక వర్గాన్ని గురించి వ్రాయదలచినాను. వారు ఈ సీమలలోని తెలుగు క్రైస్తవులు. ఇంట తెలుగు మాట్లాడి, ఆదివారంనాడు తమిళంలో ప్రార్థించేవారు వీరిలో ఎందరో ఉన్నారు. బంధుత్వం ఒక భాషలోనూ, ఆరాధన మరొక భాషలోనూ సాగుతున్నప్పుడు ఆ మనిషిని తన సంఘంతో కలిపి ఉంచేది ఏది? ఈ ప్రశ్నకు సుమారు నాలుగు వందల ఏండ్ల చరిత్ర కొంత సమాధానం చెబుతున్నది. ఆ సమాధానంలో సంతోషించవలసిన భాగమూ ఉన్నది, సిగ్గుపడవలసిన భాగమూ ఉన్నది. రెండింటినీ చెప్పినప్పుడే అది చరిత్ర అవుతుంది.

విశ్వాస ప్రమాణం

క్రైస్తవేతరులైన చదువరుల కొరకు ముందుగా ఒక మాట. క్రైస్తవ సంఘాలలో రోమను కతోలికులు, లూథరనులు, ఆంగ్లికనులు, దక్షిణ ఇండియా సంఘంవారు అని పలు శాఖలున్నా, వీరందరూ అంగీకరించే ఒక సంక్షిప్త పాఠం ఉన్నది. దానిని అపొస్తలుల విశ్వాస ప్రమాణం అంటారు. సృష్టికర్తయైన తండ్రి, మానవుడుగా జన్మించి సిలువపై మరణించి లేచిన కుమారుడు, పవిత్రాత్మ, సంఘం, పాపక్షమాపణ, మృతుల పునరుత్థానం, నిత్యజీవం అనేవి అందులోని ముఖ్యాంశాలు. దీనికంటె విపులమైనది నైసియా విశ్వాస ప్రమాణం. దాని మూలం 325లో జరిగిన నైసియా మహాసభలో ఉన్నది. 2025తో ఆ సభకు 1700 ఏండ్లు నిండినవి.

ఇక్కడ భాషాభిమానులు గమనించదగిన విశేషమొకటి కలదు. తెలుగువారు దీనిని 'విశ్వాస ప్రమాణం' అంటే, తమిళులు 'విసువాస పిరమాణం' అంటారు. పలుకుబడిలో భేదమే గాని పదం ఒక్కటే. కతోలికుల ఇండ్లలో సాయంకాలం త్రిప్పేది తెలుగులో జపమాల, తమిళంలో సెబమాలై. మరియమ్మకు చెప్పే ప్రార్థన తెలుగులో మంగళవార్త జపం, తమిళంలో మంగళవార్త్తై సెబం. సంఘంలో చేరే సంస్కారం ఇక్కడ జ్ఞానస్నానం, అక్కడ ఞానస్నానం. దేవుడు ఇక్కడ సర్వేశ్వరుడు, అక్కడ సర్వేసురన్. పాదిరి లేని ఊళ్లలో ప్రార్థన నడిపించే పెద్ద రెండు చోట్లా ఉపదేశియే. కనుక తెలుగు ఇంటి పిల్లవాడు తమిళ గుడిలో అడుగుపెట్టినప్పుడు మాటల వరుస కొత్తగా తోచవచ్చును గాని, మూలపదాలు మాత్రం తన ఇంటివే. ఈ పోలిక దానంతటదిగా ఏర్పడినది కాదు. సంస్కృత పదసంపద ఇరుభాషలకూ ఉమ్మడి సొత్తు అయినందున, ఆ సొత్తుపై ఒక విశ్వాసాన్ని నిలబెట్టే ప్రయత్నం మధురలోనే జరిగినది.

నాయక రాజుల మధురలో

రాబర్ట్ డి నోబిలి అను ఇటలీ దేశపు జెస్యూటు గురువు 1606లో మధురకు వచ్చినారు. అప్పటికి ముద్దుకృష్ణప్ప నాయకుడు పాలిస్తున్నాడు. ప్రజలలో అధికులు తమిళులైనా, రాజ్యం ఏలేవారి మాట తెలుగు. జెస్యూటు గురువులు తమ లేఖలలో ఈ తెలుగు పాలకవర్గాన్ని 'బడగలు' అని వ్రాసినారు. ఉత్తరాది నుండి వచ్చినవారిని తమిళులు పిలిచే 'వడుగర్' అన్న మాటకు అది వారి పలుకుబడి. మధురలో నోబిలి కంటె ముందే గొన్సాలో ఫెర్నాండెజ్ అను పోర్చుగీసు గురువు ఒక చిన్న ప్రార్థనాలయం నడుపుతున్నారు. అందులో ప్రార్థించేవారు తీరప్రాంతం నుండి వచ్చిన పరవ క్రైస్తవులు. ఏండ్ల తరబడి శ్రమించినా మధుర వాస్తవ్యులు ఆయన వద్దకు రాలేదు.

దీనికి కారణం ఏమని నోబిలి ఆలోచించినారు. సంఘంలో చేరగోరిన వానిని నాడు అడిగే ప్రశ్నలోనే దోషం ఉన్నదని ఆయన గ్రహించినారు. పరంగి కులంలో చేరుతావా అన్న అర్థం వచ్చేట్లు ఆ ప్రశ్న ఉండేది. పరంగి అంటే పోర్చుగీసువాడు. ఈ దేశీయుల దృష్టిలో శౌచం, ఆచారం లేనివాడు. అనగా క్రీస్తును నమ్మటమంటే తన జాతినీ, ఇంటినీ, తిండినీ విడిచి విదేశీయుడుగా మారటమని జనం అనుకొన్నారు. విశ్వాసం వేరు, దేశాచారం వేరు, మొదటిదానిని స్వీకరించుటకు రెండవదానిని వదలనక్కరలేదు అన్నది నోబిలి సిద్ధాంతం. ఆయన కావివస్త్రం ధరించి, శాకాహారం భుజించి, తమిళం, సంస్కృతం, తెలుగు నేర్చినారు. సంస్కృతం నేర్పిన శివధర్ముడు తెలుగు బ్రాహ్మణుడు. మధురలోని తెలుగు నాయకులలో కొందరు నోబిలిని ఆదరించినారు, వారిలో కొందరు ఆయన శిష్యులైనారు. మధురలో తెలుగువారి క్రైస్తవ చరిత్రకు ఇదే తొలి పుట.

ఈ పద్ధతిపై తోటి గురువులే ఫిర్యాదు చేసినారు. యజ్ఞోపవీతం, శిఖ, గంధం, స్నానం వంటి ఆచారాలు మతచిహ్నాలా, లోకాచారాలా అన్న వాదం గోవా నుండి రోము వరకు నడిచినది. చివరకు 1623 జనవరి 31న పదిహేనవ గ్రెగొరీ పోపు నోబిలి పక్షాన తీర్పు చెప్పినారు. చాలామందికి తెలిసిన సంగతి ఇంతవరకే. అదే తీర్పులో మరొక హెచ్చరిక కూడా ఉన్నది. ఉన్నత కులాలనుండి వచ్చిన క్రైస్తవులు తక్కువగా భావింపబడేవారిని తృణీకరింపరాదనీ, ముఖ్యంగా దైవవాక్యం వినేటప్పుడూ, దివ్యసంస్కారాలు స్వీకరించేటప్పుడూ వారిని వేరుచేయరాదనీ పోపు కోరినారు. నోబిలికి లభించిన అనుమతిని మన పూర్వులు జ్ఞాపకం ఉంచుకొన్నారు. హెచ్చరికను మాత్రం ఎక్కువమంది మరచినారు.

మధురలో ఫెర్నాండెజ్ గుడి ఒకటి, నోబిలి గుడి వేరొకటి. రెండు గుడులలో ఒకే విశ్వాస ప్రమాణం, కాని వేర్వేరు మనుష్యులు. 1640 నుండి మిషనులో పండారస్వాములు అనే మరొక వర్గం గురువులు ఏర్పడినారు. బ్రాహ్మణ సన్యాసి వేషంలోని గురువు నిమ్నవర్గాలవారితో బహిరంగంగా కలసిమెలసి ఉండలేడు. పండారస్వామికి ఆ అడ్డు తక్కువ. ఆ ఏర్పాటు వలన విశ్వాసం పేద ఇండ్లకు చేరిన మాట నిజం. కాని ఒకే దేవుని పేర ఇరువురు గురువులు ఇరుత్రోవల నడవవలసి రావటం ఆనాటి సమాజపు గాయాన్ని చూపుతున్నది. నోబిలి 1645లో మధుర విడిచి, 1656 జనవరి 16న మైలాపూరులో మరణించినారు. ఆయన లేవనెత్తిన ప్రశ్నలో సగం మాత్రమే ఆయన కాలంలో తేలినది. భాష, దేశాచారం విశ్వాసానికి అడ్డుకావని తేలినది. కులం అడ్డా, కాదా అన్నది మిగిలిపోయినది.

తెలుగునాటి నుండి వచ్చిన త్రోవలు

మధుర మిషను పోర్చుగీసువారి ఆధ్వర్యంలో సాగుతుండగా, 18వ శతాబ్ది ఆరంభాన పుదుచ్చేరి నుండి ఫ్రెంచి జెస్యూటులు కర్ణాటక మిషను పేర తెలుగు, కన్నడ సీమలకు వెళ్లినారు. పుంగనూరు, చిక్కబళ్లాపురం, కృష్ణాపురం వారి తొలి కేంద్రాలలోనివి. తమిళదేశంలో రూపొందిన ప్రార్థనా పదజాలం ఈ త్రోవన తెలుగు నేలకు చేరినది. ఆ గురువులలో గాస్తోన్ కూర్దూ తెలుగు నేర్చి నిఘంటువు కూర్చినారు. సంస్కృతానికీ, లాటిను, గ్రీకు భాషలకూ ఉన్న బంధుత్వాన్ని 1767లోనే గుర్తించిన పండితుడు ఆయనే.

ప్రొటెస్టెంటు శాఖలోనూ తెలుగుకు మొదటి సేవ తమిళదేశం నుండే జరిగినది. తరంగంబాడి నుండి మద్రాసుకు వచ్చిన బెంజమిన్ షుల్జ్ బైబిలును తెలుగులోనికి అనువదించినారు. ఆ అనువాదం అచ్చుకాలేదు గాని, ఆయన చిన్న తెలుగు గ్రంథాలు 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో అచ్చయినవి. తెలుగు లిపిలో అచ్చయిన తొలి పుస్తకాలుగా వాటిని పండితులు పేర్కొంటారు. వాటిలో ఒకటి విశ్వాస ప్రమాణాన్ని ప్రశ్నోత్తరాలుగా బోధించే ఉపదేశ గ్రంథం. తరువాత విశాఖపట్టణంలో లండను మిషను గురువులకు సువార్తల అనువాదంలో తోడ్పడిన ఆనందరాయరు కూడ తమిళదేశపు మిషనువారి వద్ద క్రైస్తవుడైన బ్రాహ్మణుడే. ఆ సువార్తలు మూడు 1812లో శ్రీరాంపురంలో ముద్రితమైనవి.

తెలుగునాటి నుండి మనుష్యులూ వచ్చినారు. 18వ శతాబ్ది చివరి భాగంలో గుంటూరు సీమనుండి కరువు కారణంగా బయలుదేరిన కతోలిక కమ్మ కుటుంబాలు మద్రాసుకు పడమరనున్న కీళచ్చేరిలో స్థిరపడినవి. మధుర, కోయంబత్తూరులకు అది దూరమైనా, ఒక సత్యాన్ని అది చక్కగా చూపుతున్నది. కొత్త ఊరిలో వారికి భూమి కొత్త, పొరుగువారు కొత్త. పాతవి రెండే: ఇంటి తెలుగు, ఇంటి జపం. భాష వారిని ఒకరితో ఒకరిని కలిపి ఉంచినది. జపం వారిని పొరుగున ఉన్న తమిళ క్రైస్తవులతో కూడ కలిపినది. భాష చేయలేని పని విశ్వాసం చేసిన చోటు ఇది.

1773లో పోపు ఉత్తరువుతో జెస్యూటు సభ రద్దయినది. మధుర మిషనులో గురువులు అరుదైనారు. దివ్యపూజ ఎప్పుడో గాని దొరకని పల్లెలు అనేకం. ఆ దశాబ్దాలలో సంఘాన్ని నిలిపినది ఉపదేశులూ, ఇంటి పెద్దలూ, జపమాల పట్టిన ముసలమ్మలూ. పుస్తకం లేకున్నా కంఠస్థమైన విశ్వాస ప్రమాణం ఉన్నది. పసిబిడ్డకు జ్ఞానస్నానం, పోయినవారికి మట్టి, పండుగనాడు కూడిక ఆగలేదు. జెస్యూటులు 1837 తరువాత మరల ఈ సీమలో పని ప్రారంభించినప్పుడు వారికి ఎదురైనది శూన్యం కాదు, కాచుకొని ఉన్న సంఘం. ఒక నమ్మికను పదిమంది కలసి మనసులో దాచుకొంటే అది ఎంతకాలం నిలుస్తుందో చెప్పుటకు ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

కోయంబత్తూరు సీమలో

కోయంబత్తూరు ప్రాంతానికి క్రైస్తవం 17వ శతాబ్దిలోనే మధుర మిషను ద్వారా చేరినది. సత్యమంగళం, కరుమత్తంపట్టి ఆనాటి పాత కేంద్రాలు. కరుమత్తంపట్టి జపమాల మాత గుడికి నేటికీ అన్ని ప్రాంతాలనుండి యాత్రికులు వస్తారు. 1850లో కోయంబత్తూరు ప్రత్యేక మండలంగా ఏర్పడగా, పారిసు విదేశ మిషను సభకు చెందిన మెల్కియర్ ద మారియన్ బ్రెసిలాక్ దానికి మొదటి అధిపతి అయినారు.

బ్రెసిలాక్ చరిత్ర తప్పక తెలిసికొనదగినది. దేశీయ గురువులే ఈ దేశ సంఘాన్ని నడపవలెనని ఆయన గట్టిగా నమ్మినారు. ఆయన మనస్సును పీడించిన సమస్య మరొకటి, కులాచారాలు. గుడిలో వేరు స్థలం, సంస్కారాలలో వేరు వరుస, రోగియైన నిమ్నకులస్థుని ఇంటికి గురువు వెళ్లుటకు సంకోచం వంటివి ఎంతవరకు సహించవచ్చును? ఈ వివాదం కొత్తది కాదు. 1704లో పుదుచ్చేరిలో పోపు రాయబారి తూర్నోన్ వీటిలో పలువాటిని నిషేధించినారు. 1744లో పదునాలుగవ బెనెడిక్టు పోపు ఆ విషయాన్ని ఖాయపరచినారు. అయినా ఆచరణలో సందిగ్ధం తొలగలేదు. తన మనస్సాక్షికి నెమ్మది చిక్కనందున బ్రెసిలాక్ కోయంబత్తూరు పదవిని విడిచినారు. 1856లో లియాన్ నగరంలో ఆఫ్రికా మిషనుల సభ స్థాపించి, 1859లో పశ్చిమ ఆఫ్రికాలోని ఫ్రీటౌనులో వ్యాధి సోకి మరణించినారు. ఒక మండలాధిపతి పదవిని వదలుకొనేంత బరువైన ప్రశ్న మన కోయంబత్తూరులో పుట్టినదని మనలో ఎందరికి తెలుసు?

ప్రొటెస్టెంటులలో లండను మిషనువారు 1830లో కోయంబత్తూరులో పని ప్రారంభించినారు. డబ్ల్యు. బి. ఆడిస్ మూడు దశాబ్దాలు ఇక్కడ సేవ చేసినారు. బడులు తెరచుట, చిన్న చిన్న సంఘాలను నిలుపుట వారి పని. ఆ శతాబ్ది చివర నూలుమిల్లులు వచ్చినవి. రాబర్ట్ స్టేన్సు చొరవతో 1888లో ఏర్పడిన మిల్లు వాటిలో మొదటిది. అనంతరకాలంలో తెలుగు కమ్మ కుటుంబాలు మిల్లు పరిశ్రమలో ఎంతగా ఎదిగినారో ఈ సంచిక చదువరులకు చెప్పనక్కరలేదు. ఇదే సీమలో ఇంట తెలుగు మాట్లాడే అరుంధతీయులు తోలుపని, పారిశుధ్యం, కూలిపనులలో బ్రతికినారు. వారిలోనూ క్రైస్తవులైనవారు ఉన్నారు. మిల్లు యజమాని ఇంటి భాషా, చెప్పులు కుట్టేవాని ఇంటి భాషా ఒక్కటే. అయినా ఆ ఒకే భాష ఆ ఇరువురినీ ఒక పంక్తిన కూర్చుండబెట్టలేదు. భాషాభిమానులమైన మనం దీనిని దాచుకోనక్కరలేదు. ఆ పని విశ్వాసమైనా చేయగలిగినదా?

బల్ల దగ్గర పరీక్ష

ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నది మధురలోని అమెరికను మిషను. యాళ్పాణం నుండి వచ్చిన అమెరికను మిషనరీలు 1834లో దీనిని ప్రారంభించినారు. వేదపాఠాలు నేర్పినారు, బడులు పెట్టినారు, ఉపదేశులను తయారుచేసినారు. కొన్నాళ్లకు ఒక సంగతి బయటపడినది. విశ్వాస ప్రమాణాన్ని తప్పులేకుండా ఒప్పజెప్పే ఉపదేశియే, తక్కువ కులంలో పుట్టిన తోటి విశ్వాసి వండినది తినడు. 1847లో మిషను ఒక నిర్ణయం చేసినది. కులభేదాన్ని విడనాడుటకు సమ్మతింపని వారిని ప్రభువు బల్లనుండి తాత్కాలికంగా తొలగించినది. కలసి భుజించుటయే దానికి పరీక్ష అయినది.

ఫలితం బాధాకరమైనది. పలువురు ఉపదేశులు, సంఘసభ్యులు దూరమైనారు. బడులు, కూడికలు దెబ్బతిన్నవి. ఇంత కఠినంగా వ్యవహరించుట తగునా అని నాడే వాదించినవారున్నారు. బంధువుల వెలికి గురి అయ్యే పేదవాని కష్టం దూరదేశపు మిషనరీకి తెలియదన్న వాదంలో కొంత న్యాయం లేకపోలేదు. ఆడపిల్లకు సంబంధం కుదరదు, ఊరిబావి దగ్గర నీరు దొరకదు, పొలంలో పని దొరకదు. అయినా ఆ నిర్ణయం ఒక విషయాన్ని మరుగులేకుండా చేసినది. కలసి నమ్ముట అంటే ఒకే పాఠాన్ని కలసి పలుకుట మాత్రమే కాదు. గలతీ సంఘానికి వ్రాసిన లేఖలో పౌలు జాతిభేదం, దాస్యభేదం క్రీస్తునందు చెల్లవని బోధించినాడు. అదే లేఖలో, అన్యజనులతో కలసి భుజించుటకు వెనుదీసిన పేతురును తాను ముఖాముఖిగా మందలించిన సంగతినీ వ్రాసినాడు. అనగా క్రైస్తవ సంఘపు తొలి తగవులలో ఒకటి కూడ భోజనపు బల్ల దగ్గరనే వచ్చినది. మధురలో 1847లో జరిగినది ఆ పాత తగవే.

తరంగంబాడి నుండి మధుర వరకు

శాఖాభేదం మరొక గోడ. ఇంగ్లండు, అమెరికా, స్కాట్లండు దేశాలలో పుట్టిన తగవుల వలన వేరైన సంఘాలు ఇక్కడికి వచ్చి, ఆ తగవులతో సంబంధం లేని తెలుగు, తమిళ పల్లెలను కూడ వేరువేరుగా పంచుకొన్నవి. ఒక ఊరిలో ఆంగ్లికనుడైనవాడు ప్రక్క జిల్లాకు వలసపోతే అక్కడి బల్లకు పరాయివాడు కావలసి వచ్చేది. వలస ప్రజలమైన మనకు ఈ బాధ బాగా అర్థమౌతుంది.

1908లో లండను మిషను, అమెరికను మిషను మొదలైనవాటి సంఘాలు కలసి దక్షిణ ఇండియా ఐక్య సంఘంగా ఏర్పడినవి. కోయంబత్తూరు, మధుర సంఘాలు అందులోనివే. 1919 మే నెలలో తరంగంబాడిలో ముప్పది ముగ్గురు పాదిరులు సమావేశమైనారు. వారిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ఆ సమావేశానికి ముఖ్యులు ఇరువురు. ఒకరు మధుర అమెరికను మిషను సంఘంలో నుండి వచ్చిన వేదనాయకం సంతియాగో. మరొకరు వి. ఎస్. అజరయ్య. అజరయ్య తిరునెల్వేలి సీమలో పుట్టిన తమిళుడు, తెలుగు నేర్చి తెలుగువారి నడుమ సేవ చేసి, 1912లో దోర్నకల్లులో తొలి భారతీయ ఆంగ్లికను బిషప్పు అయినారు. పల్లెలలోని మాల, మాదిగ సంఘాల కొరకు ఆయన జీవితమంతా ధారపోసినారు. తెలుగువారు తమిళ సీమకు వచ్చి ప్రార్థన నేర్చిన కథకు ఇది ఎదురుబాట. ఒక తమిళుడు తెలుగువారి పెద్ద అయినాడు.

ఆ సమావేశంలో ఐక్యతకు ఆధారంగా నాలుగు విషయాలను అంగీకరించినారు: వేదగ్రంథం, రెండు విశ్వాస ప్రమాణాలు, బాప్తిస్మము, ప్రభుభోజనము అను రెండు సంస్కారాలు, చారిత్రక బిషప్పు పదవి. అక్కడ నుండి ఐక్యత సిద్ధించుటకు మరి ఇరువది ఎనిమిది ఏండ్లు పట్టినది. 1945 జనవరి 1న మరణించిన అజరయ్య దానిని చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రలులో దక్షిణ ఇండియా సంఘం అవతరించినది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఆరు వారాలే. దేశవిభజన నెత్తురు ఇంకా ఆరని ఆ రోజులలో, విడిపోయినవారు కలిసిన సంఘటన ఇది. ఆంగ్లికను, మెథడిస్టు, ఐక్య సంఘాలవారు ఒక్కటైనారు. దోర్నకల్లు తెలుగు సంఘమూ, మధుర, కోయంబత్తూరుల తమిళ సంఘాలూ ఆనాటి నుండి ఒకే గూటివి. మధుర-రామనాథపురం మండలానికి మొదటి బిషప్పుగా స్కాట్లండు ప్రెస్బిటేరియను సంఘానికి చెందిన లెస్లీ న్యూబిగిన్ ముప్పది ఏడేండ్ల ప్రాయంలో నియుక్తులైనారు. కోయంబత్తూరు మండలం 1950లో ఏర్పడినది.

ఈ ఐక్యతలో ఒక మెళకువ ఉన్నది. ఏ సంఘంపైనా దానికి అలవాటులేని ఆరాధనా క్రమాన్ని గాని, పాదిరిని గాని బలవంతంగా మోపరాదని ముందే మాట ఇచ్చుకొన్నారు. విశ్వాసంలో ఐక్యత, పద్ధతిలో స్వేచ్ఛ అన్నమాట. మరొక విశేషం, 1950 నాటి ప్రభుభోజన క్రమం. అందులో కేరళ సిరియను సంఘాల నుండి గ్రహించిన సమాధాన వందనం చేర్చబడినది. బల్ల దగ్గరనుండి బయలుదేరి ఒకరి చేతులు ఒకరు పట్టుకొంటూ ఆ వందనం సంఘమంతటా సాగుతుంది. ప్రక్కన కూర్చున్నవాని కులం ఏదైనా, ఇంటి భాష ఏదైనా చేయి చాచక తప్పదు. 1847లో పరీక్షగా విధించినది, నూరేండ్ల తరువాత ఆరాధనలో భాగమై నిలిచినది.

లెక్క తేలినదా?

తేలినదని చెప్పలేము. తమిళనాట కొన్ని ఊళ్లలో క్రైస్తవులకు కూడ కులానికొక శ్మశానం ఉన్న మాట నిజం. పెండ్లిసంబంధాలు నేటికీ కులంలోనే వెదకుకొంటారు. భారత కతోలిక బిషప్పుల సభ 2016లో దళిత క్రైస్తవుల అభ్యున్నతికై ఒక విధాన పత్రం వెలువరించి, సంఘంలో వివక్ష ఇంకా ఉన్నదని ఒప్పుకొన్నది. నాలుగు వందల ఏండ్ల తరువాత ఒప్పుకొనుట ఆలస్యమే. ఒప్పుకొనకుండుట అంతకంటె చెడ్డది.

భాషకు సంబంధించిన చింత వేరు. తమిళనాట 2006 నాటి చట్టం ద్వారా పాఠశాలలలో తమిళం తప్పనిసరి అయిన తరువాత, తెలుగు చదివే పిల్లల సంఖ్యను గురించి ప్రతి ఇంటా ఆందోళన ఉన్నది. అటువంటప్పుడు ఇంటి భాషలో ప్రార్థన కూడ పోతే ఏమి మిగులుతుందని తెలుగు క్రైస్తవ తల్లిదండ్రులు అడుగవచ్చును. చరిత్ర చెప్పే జవాబు ఇది. తమిళంలో ప్రార్థించినందువలన వీరి విశ్వాసం చెడలేదు. విశ్వాసం వలన వీరి తెలుగూ చెడలేదు. తన భాష విడిచి రమ్మని ఈ విశ్వాసం ఎవరినీ అడుగదు, పరంగివి కానక్కరలేదని నోబిలి చెప్పినప్పుడే ఆ సంగతి తేలిపోయినది. కనుక తెలుగును కాపాడుకొనే బాధ్యత గుడిది కాదు. అది ఇంటిది, బడిది.

ఈ కథనంతటినీ తలచుకొంటే ఒకటే విషయం స్పష్టమౌతున్నది. కలసి నమ్మిన సంగతులు మనుష్యులను భాషకు, దేశానికి, శాఖకు అతీతంగా కలుపగలిగినవి. మధుర నాయకులనూ, కీళచ్చేరి కాందిశీకులనూ, గురువులు లేని పల్లెలనూ, తిరునెల్వేలి బిషప్పునూ, దోర్నకల్లు కూలీలనూ అవి కలిపినవి. కాని ఆ నమ్మిక నాలుక చివర నిలిచిన చోట, కులం ముందు అది ఓడిపోయినది. బల్ల వరకు వచ్చిన చోటనే గెలిచినది. నోటితో పలికిన ప్రమాణానికి చేతి ముద్ద సాక్ష్యం చెప్పవలెను.

ఇది క్రైస్తవులకు మాత్రమే పాఠమని నేననుకోను. డెబ్బది ఐదేండ్లుగా ఈ బడిలో పిల్లలు ఉదయం చేతులు కట్టుకొని ఒకే ప్రార్థన చెబుతున్నారు, ఒకే ప్రతిజ్ఞ చదువుతున్నారు. మధ్యాహ్నం గంట కొట్టగానే అన్నం తినుటకు కూర్చుంటున్నారు. ఉదయం చదివిన ప్రతిజ్ఞ నిజమా, కాదా అన్నది ఆ మధ్యాహ్నం వరుసలోనే తెలుస్తుంది. పాత విద్యార్థులు తమ ప్రక్కన కూర్చుని అన్నం పంచుకొన్న వారిని ఒక్కసారి జ్ఞాపకం చేసికొందురు గాక. ఉపాధ్యాయులూ, తల్లిదండ్రులూ ఆ వరుసను చెదరనీయక కాపాడుదురు గాక. శతవార్షికోత్సవ సంచికలో ఈ విషయమే వ్రాయబోయే చేతికి మనకంటె మంచి సంగతులు దొరకవలెనని నా ఆకాంక్ష.